పికల్యోవో పెద్దది, జిల్లా కేంద్రం మాత్రం బోక్సితోగోర్స్క్: ఎందుకు, దాని వల్ల ఒరిగేదేమిటి?

రష్యన్ అల్యూమినియం కంపెనీ రుసాల్ ఆంధ్రప్రదేశ్‌లోని పయనీర్ అల్యూమినియం రిఫైనరీలో వాటా కొంటోందన్న వార్త చదివి, ఆ కంపెనీ ఫ్యాక్టరీలున్న రష్యన్ ఊళ్లు ఎలా ఉంటాయోనని మ్యాపు తెరిచానన్నారు మీరు. అక్కడ పికల్యోవో, బోక్సితోగోర్స్క్ పక్కపక్కన కనిపించాయి. జనం ఎక్కువ పికల్యోవోలో, పేరుపొందిందీ అదే. మరి జిల్లా కేంద్రం బోక్సితోగోర్స్క్ ఎందుకైంది, ఆ హోదాతో ఊరికి నిజంగా ఏమొస్తుంది, అది మన మండల కేంద్రం లాంటిదా అని అడిగారు. రష్యన్ సాంకేతిక పత్రాలు, ఒప్పందాలు అనువదించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఏ ఒప్పందమైనా ఎక్కడో ఒకచోట "ఈ స్థలం ఏ మున్సిపాలిటీది, ఇక్కడ సంతకం ఎవరిది" అన్న ప్రశ్న దగ్గరికి వస్తుంది. అందుకే ఈ చిక్కుముళ్లు అలవాటయ్యాయి.

ముందు కొలతల సంగతి. రెండూ లెనిన్‌గ్రాద్ ఒబ్లాస్త్‌లో (ఒబ్లాస్త్ అంటే మన రాష్ట్రం లాంటి ప్రాంతం), సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తూర్పున ఉన్నాయి. రెండింటి మధ్య నేరుగా కొలిస్తే 20 కిలోమీటర్లు కూడా లేవు. 2010 జనాభా లెక్కల్లో పికల్యోవోలో 21 వేల పైచిలుకు మంది, బోక్సితోగోర్స్క్‌లో 16 వేల పైచిలుకు మంది ఉన్నారు. ఆ తర్వాత రెండూ తగ్గుతూనే వచ్చాయి. ఈ రెండు పట్టణాలూ ఉన్న బోక్సితోగోర్స్క్ జిల్లా విస్తీర్ణం దాదాపు 7,200 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి మన నల్గొండ జిల్లాకు అటూఇటూగా సమానం. నల్గొండలో జనం 16 లక్షలకు పైనే. అక్కడ జిల్లా మొత్తానికీ 2010లో 50 వేల పైచిలుకే, అందులో మూడింట రెండు వంతుల మంది ఈ రెండు ఊళ్లలోనే. మిగతాదంతా అడవి, బురద నేలలు, మధ్యమధ్యలో పది ఇరవై ఇళ్ల పల్లెలు. కాబట్టి మండలమా, జిల్లానా అని పోల్చడం మొదలెడితే ఎటూ తేలదు: నేల చూస్తే జిల్లా, జనం చూస్తే మండలం. అధికారాలు చూస్తే రెండూ కాదు, ఆ సంగతి కింద చెప్తాను.

కేంద్రం ఎందుకైందన్నదానికి జవాబు చరిత్రలోనే దొరుకుతుంది. అక్కడికి దగ్గర్లోని తీఖ్విన్ పట్టణం పక్కన బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) ఉందని 1916లో బయటపడింది. సోవియట్ ప్రభుత్వానికి అప్పట్లో అల్యూమినియం అత్యవసరం. వోల్ఖొవ్ నది మీద జలవిద్యుత్ కేంద్రం 1926లో మొదలైంది, ఆ కరెంటుతో నడిచే వోల్ఖొవ్ అల్యూమినియం ఫ్యాక్టరీ 1932లో వచ్చింది. దానికి ఖనిజం కావాలి కాబట్టి గనుల దగ్గర కార్మికుల బస్తీ ఒకటి 1929 నుంచి పెరగసాగింది. అదే బోక్సితోగోర్స్క్. ఖనిజాన్ని అక్కడికక్కడే అల్యూమినాగా (అల్యూమినియం తీసే తెల్లటి పొడిగా) మార్చే ఫ్యాక్టరీ 1938లో తెరుచుకుంది. 1941 నవంబరులో జర్మన్ సేనలు తీఖ్విన్‌ను పట్టుకున్నాయి, డిసెంబరులో ఎర్రసైన్యం తిరిగి గెలుచుకుంది. యుద్ధం ముగిశాక ఆ బస్తీకి 1950లో పట్టణ హోదా ఇచ్చారు. 1952లో తీఖ్విన్ ప్రాంతం నుంచి విడదీసి కొత్త జిల్లా కట్టినప్పుడు ఆఫీసులు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు అప్పటికే పట్టణమైన ఊరు ఒకటి సిద్ధంగా ఉంది.

పికల్యోవో సంగతి వేరు. అది 1900ల మొదట్లో పీటర్స్‌బర్గ్–వోలొగ్దా రైలు మార్గం వేసినప్పుడు వెలిసిన స్టేషను. చుట్టూ మంచి సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంట్ ఫ్యాక్టరీ వచ్చింది. పట్టణ హోదా 1954లో దక్కింది, అంటే జిల్లా ఏర్పడ్డ రెండేళ్లకు. ఊరిని పెద్దది చేసిన అల్యూమినా ఫ్యాక్టరీ 1959లో గానీ మొదలవలేదు. ఆ రెండేళ్ల తేడాతో పోయిన కేంద్రం ఇంక రాలేదు. ఇప్పటికీ పీటర్స్‌బర్గ్–వోలొగ్దా రైళ్లు పికల్యోవో మీదుగానే పోతాయి. జిల్లా కేంద్రమేమో బొల్షోయ్ ద్వోర్ స్టేషను దగ్గర చీలే బ్రాంచి లైను చివర, ఓ మూలన ఉంటుంది. రష్యాలో ఇది వింతేమీ కాదు. ఒకసారి ఆఫీసులు కట్టి ముద్రలు వేశాక, పక్క ఊరు ఎంత పెరిగినా కేంద్రాన్ని మార్చే పని ఎవరూ పెట్టుకోరు.

(ఆ మాటకొస్తే లెనిన్‌గ్రాద్ ఒబ్లాస్త్‌దే ఇంకా తమాషా. దాని ప్రభుత్వం దశాబ్దాలుగా పీటర్స్‌బర్గ్ నగరంలో కూర్చుని పాలించింది. రష్యన్ రాజ్యాంగం ప్రకారం ఆ నగరం ఒబ్లాస్త్‌లో భాగమే కాదు, వేరే ప్రాంతం. గాత్చినాను అధికారికంగా కేంద్రంగా ప్రకటించింది 2021లో.)

ఇప్పుడు అసలు విషయం, ఆ హోదాలో ఏముంది?

2003 అక్టోబరు నాటి 131వ నంబరు ఫెడరల్ చట్టం స్థానిక పాలనను రెండంతస్తులుగా కట్టింది. కింది అంతస్తు పట్టణం లేదా గ్రామ సముదాయం: నీళ్లు, చలికాలం ఇళ్లకు వేడి, గ్యాసు, ఊరి రోడ్లు, వీధి దీపాలు, చెత్త, శ్మశానాలు. పై అంతస్తు జిల్లా: బడులు, కిండర్‌గార్టెన్లు, ఊళ్ల మధ్య బస్సులు, పల్లెలకు నిధుల పంపకం. పికల్యోవోకు తన కౌన్సిల్ ఉంది, తన అధ్యక్షుడున్నాడు, తన బడ్జెట్ ఉంది. అయినా ఆ ఊళ్లో బడి నడిపేది జిల్లా యంత్రాంగం, దాని ఆఫీసు బోక్సితోగోర్స్క్‌లో. ఆసుపత్రులు ఒకప్పుడు జిల్లా చేతిలో ఉండేవి, 2010ల మొదట్లో ఒబ్లాస్త్‌కు పోయాయి.

కలెక్టర్ ఆఫీసులా ఇక్కడి నుంచి అందరికీ ఆజ్ఞలు పోతాయనుకుంటే పొరపాటు. జిల్లా అధిపతి కింద పోలీసులు లేరు, కోర్టు లేదు, ప్రాసిక్యూటర్ లేడు, పన్నుల శాఖ లేదు, సైనిక నమోదు కార్యాలయం లేదు. అవన్నీ మాస్కో గొలుసులోవి, ఒకే ఊళ్లో పక్కపక్క భవనాల్లో ఉంటాయంతే. రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం స్థానిక స్వపరిపాలన రాజ్యాధికార వ్యవస్థలో భాగమే కాదు. 2020 సవరణల్లో అన్నిటినీ కలిపి "ఏకీకృత ప్రజాధికార వ్యవస్థ" అని రాసుకున్నాక ఆ గీత చాలావరకు చెరిగిపోయింది. నిజానికి అంతకు ముందే చెరిగింది: 131వ చట్టం పద్ధతిలో కాంట్రాక్టు మీద నియమించే జిల్లా పాలనాధికారిని ఎంపిక చేసే సంఘంలో సగం మందిని ఒబ్లాస్త్ అధిపతి అయిన గవర్నరే వేస్తాడు. అదే పద్ధతిలో పట్టణ పాలనాధికారిని ఎంచే సంఘంలో సగం మందిని జిల్లా పాలనాధికారి వేస్తాడు. పికల్యోవో లాంటి ఊరికి జిల్లా కేంద్రం అసలైన పట్టు ఇక్కడ. కాగితం మీద ఇద్దరూ స్వతంత్రులే.

చట్టంలో ఇంకో వెసులుబాటు ఉంది. జిల్లా కేంద్రమైన పట్టణం తనకు విడిగా పాలనా యంత్రాంగం పెట్టుకోకుండా, జిల్లా యంత్రాంగానికే ఆ పని అప్పగించవచ్చు. ఖర్చు తగ్గుతుందని చాలా చిన్న కేంద్రాలు ఇలా చేశాయి. దాని వల్ల కేంద్రంలో వీధి దీపం పోతే జిల్లా అధికారికే ఫోను పోతుంది. పక్క పట్టణం వాళ్లకు ఆ సౌకర్యం లేదు. నా లెక్కలో ఇది చిన్న విషయం కాదు. మనిషి రోజూ నడిచే రోడ్డు గుంట పడితే ముందు పూడ్చిస్తాడు.

డబ్బు లెక్క చూడండి, చాలామంది తప్పు అంచనా వేసేది ఇక్కడే. ఊళ్లో అంత పెద్ద ఫ్యాక్టరీ ఉంది కదా, మున్సిపాలిటీకి డబ్బే డబ్బు అనుకుంటారు. ఫ్యాక్టరీ లాభం మీద పన్ను ఫెడరల్ ప్రభుత్వానికి, ఒబ్లాస్త్‌కు పోతుంది, మామూలుగా ఊరికి ఒక్క కొపెక్కు (రష్యన్ పైసా) రాదు. అమ్మకాల మీద విలువ ఆధారిత పన్ను పూర్తిగా మాస్కోది. ఊరికి మిగిలేది భూమి పన్ను, ఇళ్ల మీద వ్యక్తుల ఆస్తి పన్ను, ఉద్యోగుల జీతాల్లో కోసే ఆదాయపు పన్నులో కొంత. బడ్జెట్ కోడ్ ప్రకారం ఆ చివరిదాంట్లో పట్టణానికి 10 శాతం, జిల్లాకు 5 శాతం, మిగతా 85 శాతం ఒబ్లాస్త్‌కు. ఒబ్లాస్త్ దయతలిస్తే తన వాటాలోంచి ఇంకొంత వదులుతుంది. పైగా ఈ పన్ను జమయ్యేది మనిషి పని చేసే చోట, ఉండే చోట కాదు. అంటే ఊరి బడ్జెట్ ఫ్యాక్టరీ లాభాల మీద కాక జీతాల పట్టీ మీద నడుస్తుంది. లాభం రెట్టింపైనా ఊరికి తెలియదు. జీతాలు ఆగిన నెలే ఊరు బోసిపోతుంది.

2009లో పికల్యోవోలో జరిగింది ఇదే. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ఊరి నాడి ఇందులోనే దొరుకుతుంది.

పికల్యోవో అల్యూమినా బాక్సైట్‌తో తయారవదు. ఉత్తరాన కోలా ద్వీపకల్పంలో ఎరువుల కోసం అపటైట్ అనే ఖనిజం తవ్వితే మిగిలే నెఫెలిన్ అనే ఇంకో ఖనిజాన్ని వెయ్యి కిలోమీటర్లకు పైగా రైలులో తెచ్చి, స్థానిక సున్నపురాయితో కలిపి, గిర్రున తిరిగే పెద్ద బట్టీల్లో కాలుస్తారు. కాలిన సరుకును కరిగిస్తే ద్రావణంలోంచి అల్యూమినా వస్తుంది. మిగిలిన ద్రావణంలోంచి సోడా, పొటాష్ వస్తాయి. అడుగున మిగిలే బురద సిమెంట్‌కు ముడిసరుకు. టన్ను అల్యూమినాకు 9–10 టన్నుల సిమెంట్ దాకా వస్తుంది. ఏదీ పారేయనక్కర్లేదు, సోవియట్ ఇంజినీర్లు గర్వంగా చూపించుకున్న పద్ధతి ఇది. కానీ ఇందులో లెక్క కుదరాలంటే అన్నీ కలిపి అమ్ముడవాలి. అల్యూమినా ఒక్కటే చూస్తే నష్టం.

2000లలో ఆ ఒక్క కాంప్లెక్సును ముగ్గురు యజమానులు పంచుకున్నారు. అల్యూమినా భాగం రష్యన్ కుబేరుడు ఒలేగ్ దెరిపాస్కా గ్రూపుకు చెందిన బాజెల్‌సిమెంట్‌కు, సిమెంట్ యూరోసిమెంట్‌కు, సోడా–పొటాష్ మెటాఖిమ్‌కు. ఒకే పైపు మీద మూడు జేబులన్నమాట. ముడిసరుకు ధర మీద, ఒకరికొకరు అమ్ముకునే సరుకు ధర మీద తగాదా. 2008 చివర్లో ప్రపంచ సంక్షోభంతో ధరలు పడిపోయాయి, అల్యూమినా విభాగం ఆగింది. అది ఆగితే సిమెంట్ వాళ్లకు బురద లేదు, సోడా వాళ్లకు ద్రావణం లేదు. వరసగా మూడూ ఆగిపోయాయి.

ఇక్కడ ఊరి నిర్మాణంలోని లోపం బయటపడింది. రష్యన్ పట్టణాల్లో ఇంటింటికీ గీజరు ఉండదు. ఒకే థర్మల్ కేంద్రం నీళ్లు మరిగించి, దూదిలాంటి పొర, రేకు చుట్టిన లావు పైపుల్లో వీధులమీదుగా పంపుతుంది. ఆ నీళ్లే గదిని వెచ్చబెట్టే రేడియేటర్లలో తిరుగుతాయి, చాలా చోట్ల వంటింటి కుళాయిలో వేణ్ణీళ్లూ అవే. పికల్యోవోలో ఆ థర్మల్ కేంద్రం మున్సిపాలిటీది కాదు, అల్యూమినా ఫ్యాక్టరీది. ఫ్యాక్టరీ గ్యాసు బాకీ పడింది, గ్యాసు తగ్గించారు, 2009 మేలో ఊరంతటికీ వేణ్ణీళ్లు పోయాయి. అక్కడ మే అంటే మన మే కాదు, రాత్రిళ్లు చలి వేస్తుంది. చట్టం ప్రకారం ఊరికి వేడి అందించాల్సిన బాధ్యత పట్టణ పాలనది. బాధ్యత ఒకరిది, బాయిలరు ఇంకొకరిది. మే 20న కొన్ని వందల మంది మున్సిపల్ భవనంలో జరుగుతున్న సమావేశంలోకి దూసుకుపోయారు. లోపలున్న అధికారి చేతిలో వాళ్లకివ్వడానికి ఏమీ లేదు.

జూన్ 2న జనం నోవయా లదోగా–వోలొగ్దా హైవే మీదికి వచ్చి బండ్లు ఆపేశారు. రెండు రోజులకు ప్రధాని వ్లదిమిర్ పుతిన్ హెలికాప్టర్‌లో దిగాడు. బకాయి జీతాలు 4 కోట్ల 10 లక్షల రూబుళ్ల పైచిలుకు, అవి ఆ రోజే చెల్లించాలని చెప్పాడు. టీవీలో అందరూ చూసింది తర్వాతి ఘట్టం: బల్ల మీద ఒప్పందం కాగితం, దెరిపాస్కాను సంతకం పెట్టమని పిలవడం, పుతిన్ కలం విసిరినట్టు పెట్టడం, సంతకం అయ్యాక "కలం తిరిగివ్వండి" అనడం. జనం బ్యాంకుల ముందు క్యూ కట్టి జీతాలు తీసుకున్నారు, ఫ్యాక్టరీలు మళ్లీ నడిచాయి.

ఆ గొడవ మొత్తంలో జిల్లా కేంద్రం ఎక్కడుంది? దాదాపు ఎక్కడా లేదు. జిల్లాకు ఫ్యాక్టరీ మీద అధికారం లేదు, థర్మల్ కేంద్రం మీద లేదు, గ్యాసు కంపెనీ మీద లేదు. మొర మున్సిపాలిటీ దగ్గర మొదలై, జిల్లాను దాటేసి, ఒబ్లాస్త్ దగ్గర కాసేపు ఆగి, నేరుగా ప్రధాని దాకా పోయింది. దీన్ని పుతిన్ నాటకంగా చూసేవాళ్లు ఎక్కువ. నాటకం ఉంది, కాదనను. కానీ దాని కింద ఉన్న విషయం ఇంకా ముఖ్యమని నా అభిప్రాయం: కాగితం మీదున్న నాలుగు అంతస్తుల్లో ముగ్గురు యజమానులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగినది ఒక్కటే ఉంది.

ఈ సంఘటన తర్వాతే ఒకే ఫ్యాక్టరీ మీద బతికే ఊళ్ల మీద మాస్కో దృష్టి గట్టిగా పడింది. 2014లో ప్రభుత్వం కొలమానం పెట్టింది: జనాభా 3 వేలకు మించి ఉండాలి, ఒకే సంస్థలో ఊరి ఉద్యోగుల్లో కనీసం 20 శాతం పని చేస్తుండాలి. అలా తేలినవి 300కు పైగా. పికల్యోవో ఆ జాబితాలో ఉంది. వాటికి ఒక నిధి, పన్ను రాయితీలు వచ్చాయి. గమనించండి, ఈ సాయం జిల్లా హోదా చూసి వచ్చింది కాదు, ఊరి పేరు మీద నేరుగా వచ్చింది.

అలాగైతే కేంద్రం హోదా ఉత్తిదేనా? కాదు. బోక్సితోగోర్స్క్ ఫ్యాక్టరీ కూడా పాత వైభవంలో లేదు. ఇప్పుడు ఎక్కువగా గ్రైండింగ్ చక్రాలకు, కొలిమి ఇటుకలకు వాడే కొరండం లాంటి ప్రత్యేక సరుకు మీద నడుస్తోంది. అయినా ఆ ఊరు ఒక్కసారిగా కూలలేదు. జిల్లా యంత్రాంగం ఉద్యోగులు, విద్యాశాఖ, జనన మరణ నమోదు, ఖజానా, కోర్టు చుట్టూ తిరిగే వకీళ్లు, పనుల మీద పల్లెల నుంచి వచ్చేవాళ్లు టీ తాగే క్యాంటీన్లు. ఈ జీతాలు పెద్దవి కావు, కానీ అల్యూమినియం ధర పడిందని ఆగవు. ఊరి కిరాణా కొట్టుకు నెల నెలా ఆసరా ఆ డబ్బే. పికల్యోవోకు ఫ్యాక్టరీ ఉన్నప్పుడు ఆదాయం ఎక్కువ, ఆగినప్పుడు కింద ఆధారం లేదు. ఎక్కడ ఉంటావంటే నేను బోక్సితోగోర్స్క్ అంటాను, కుర్రాళ్లు పికల్యోవో అంటారు. జీతాలు చూస్తే వాళ్ల మాటా నిజమే.

మూడో దారి కూడా ఉంది, మీరు మ్యాపులో చూస్తే తెలుస్తుంది. అదే ఒబ్లాస్త్‌లో పశ్చిమాన, ఫిన్లాండ్ సింధుశాఖ ఒడ్డున సొస్నోవి బోర్ ఉంది, లెనిన్‌గ్రాద్ అణువిద్యుత్ కేంద్రం ఊరు. అది ఏ జిల్లాలోనూ లేదు. పట్టణ అధికారాలు, జిల్లా అధికారాలు రెండూ దానివే, బడులూ దానివే, జీతాల పన్నులో రెండు వాటాలూ దానివే. ఒబ్లాస్త్ మొత్తంలో అలాంటి పట్టణం అదొక్కటే. ఫ్యాక్టరీ దేశానికి ఎంత కీలకమైతే ఊరికి అంత స్వతంత్రం దొరికే అవకాశముంది. పికల్యోవో సిమెంట్, సోడా ఆ తూకానికి సరిపోలేదు.

ఇక ఇప్పటి పరిస్థితి. పికల్యోవో అల్యూమినా ఫ్యాక్టరీ ఇప్పుడు రుసాల్‌ది. 2022 మార్చిలో యుక్రెయిన్‌లో రుసాల్‌కున్న నికొలాయెవ్ అల్యూమినా ఫ్యాక్టరీ ఆగింది, అదే నెల ఆస్ట్రేలియా రష్యాకు అల్యూమినా, బాక్సైట్ ఎగుమతి నిషేధించింది. అల్యూమినాను లోహంగా మార్చే స్మెల్టర్లు సైబీరియాలో సిద్ధంగా ఉన్నాయి, వాటికి అల్యూమినా కరువు. దాంతో ఒకప్పుడు నష్టాల కొంపగా చూసిన పికల్యోవో ఇంట్లో పనికొచ్చే వస్తువైంది, బయట కొత్త వనరుల వేట మొదలైంది. 2025లో ప్రకటించిన ఆంధ్ర ఒప్పందం ఆ వేటలో భాగమే: మొదట 26 శాతం, మూడు దశల్లో 50 శాతం దాకా, 15 లక్షల టన్నుల సామర్థ్యం గల రిఫైనరీలో.

మీరు ఈ ఊళ్ల గురించి ఇంకా చదవబోతుంటే ఒక హెచ్చరిక. 2025 మార్చిలో 131వ చట్టం స్థానంలో 33వ నంబరు కొత్త చట్టం సంతకమైంది. అసలు ముసాయిదాలో కింది అంతస్తును పూర్తిగా తీసేసి, జిల్లానే ఒకే మున్సిపాలిటీ చేయాలని ఉంది. తతార్‌స్తాన్ లాంటి ప్రాంతాలు గట్టిగా అడ్డుపడ్డాక రెండంతస్తులు ఉంచుకోవాలో వద్దో ప్రాంతాలే తేల్చుకోవచ్చని సర్దారు. మాస్కో ఒబ్లాస్త్ ఆ పని చాలా ముందే చేసేసింది. కాబట్టి ఏ పత్రంలోనైనా "పట్టణ మున్సిపాలిటీ" అని కనిపిస్తే తేదీ చూడండి. ఒక్క అంతస్తు పద్ధతి వచ్చిన చోట పికల్యోవో లాంటి ఊరికి సొంత కౌన్సిల్, సొంత బడ్జెట్ ఉండవు, పైన చెప్పిన 10 శాతమూ జిల్లా కేంద్రంలోని ఖాతాకే పోతుంది. అప్పుడు 1952 నాటి ఆ నిర్ణయానికి ఇప్పుడున్న దానికంటే చాలా ఎక్కువ విలువ వస్తుంది.